పదివేల ఏడో ఆకు

వైనతేయ నక్షత్ర నావ. బంతుల పుస్తకం. రాస్తున్నది బంతుల పెద్ద గవర్రాజు.

రోజు 22,958. తలలు 10,006.

ఈ పూట భోజనానికి 5,003 బంతులు వేశాను. బంతికి ఇద్దరు. తరవాత ఎప్పుడో ఈ పుస్తకం తిరగేసేవాళ్ళకి నవ్వు రావచ్చు. ఆకులు పరిచిన నాకు మాత్రం నడుం పడిపోయింది.

ఏం చెయ్యమంటారు? వడ్డనమ్మ ఒప్పుకోదు. వడ్డనమ్మంటే మనిషి కాదు, నావ వంటింటి యంత్రం. వండేదీ ఆవిడే, వడ్డించేదీ ఆవిడే. బంతులన్నీ సమానంగా ఉండాలి, బంతికి కనీసం ఇద్దరుండాలి, ఒక్క మనిషి మిగిలినా గరిట లేవదు. నావ బయల్దేరిన తొలి నెలలో, ఎవరి బంతికి గారెలు ముందొచ్చాయన్న గొడవలో మూడు తలలు పగిలాయట. అప్పటి పెద్దలు విసుగెత్తి ఈ నియమాన్ని యంత్రం బుర్రలో పోసి, ఎవరూ తీయకుండా సీలు వేసి, తలుపు కూడా అతికించేశారు. అది జరిగి అరవై రెండేళ్ళు దాటింది. వాళ్ళు హాయిగా పోయారు, ఆకులు నేను పరుస్తున్నాను.

నెల కిందటి దాకా 10,005 మందిమి. బంతికి 115 మంది చొప్పున 87 బంతులు. చూడ్డానికి కన్నుల పండుగ్గా ఉండేది. మూడో వీధిలో పిల్లాడు పుట్టి 10,006 అయ్యాం. ఆ సంఖ్యని సగం చెయ్యొచ్చు, ఇంకేం చెయ్యలేం. 5,003 మంది కూర్చునేంత పొడుగు బంతికి భోజనశాలలో చోటెక్కడిది? అందుకని జంటలు. నడవల్లో, మెట్ల మీద, కూరమళ్ళ మధ్యన, ఎక్కడ రెండాకులు పడితే అక్కడ. ఎదురెదురుగా కూర్చుని తినేసరికి నాలుగు ఇళ్ళల్లో మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోవడం మానేశారు.

మా అమ్మాయి మంగతాయికి నెలలు నిండాయి. పిల్ల పుడితే తల ఒకటి పెరుగుతుంది, ఈ జంటల పీడ వదులుతుంది. అందుకని నావ నావంతా దాని కడుపు వంకే చూస్తోంది. "పదివేల ఏడు కదా, చివర ఏడుంది, ఏడుతో భేషుగ్గా పోతుంది" అని నేనే అందరికీ ధైర్యం చెప్పాను. మా ఆవిడ జగదాంబ బడిలో లెక్కల టీచరు. ఈ మాట అన్నప్పుడు ఆవిడ పక్కన లేదు.

పప్పులో ఉప్పు తక్కువైంది. చెప్పాను. "ఉప్పు సరిపోయింది గవర్రాజు గారూ" అంది వడ్డనమ్మ. నలభై ఏళ్ళుగా ఇదే జవాబు. నాకు ముందు ఈ పుస్తకం రాసినాయన కూడా పేజీకోసారి ఉప్పు గురించే ఏడ్చాడు.

రోజు 22,960. తలలు 10,007.

మనవరాలు పుట్టింది! మూడు కిలోల రెండొందల గ్రాములు. మూతి అచ్చం నాదే. జగదాంబ ఒప్పుకోదు గానీ, చూసిన వాళ్ళంతా అదే అన్నారు.

ఆ ఆనందంలో సుద్దముక్క పుచ్చుకుని భోజనశాలకి పరిగెత్తాను. పుట్టిన రోజునే పిల్లకీ ఒక ఆకు వెయ్యడం మా ఆచారం. దాని వంతు వడ్డించింది తల్లి తింటుంది. ఏడుగురేసి చొప్పున కూర్చోబెట్టుకుంటూ పోయాను. 1,429 బంతులు నిండాయి, నలుగురు నిలబడిపోయారు. అందర్నీ లేపి పదకొండేసి మందిని కూర్చోబెట్టాను. ఎనిమిది మంది నిలబడిపోయారు. పదమూడేసి అన్నాను, పది మంది. ఇరవై మూడేసి అన్నాను, ఇద్దరే మిగిలారు. ఆ ఇద్దర్నీ చూసి కాస్త ఆశ పుట్టింది. ఆ ఇద్దరికి మాత్రం నామీద ఆశ చచ్చిపోయినట్టుంది.

అప్పుడొచ్చింది జగదాంబ, బాలింతకి కషాయం పోసి.

"ఏంటండీ ఈ కూర్చోబెట్టడాలూ లేవదీయడాలూ? జనాలకి మోకాళ్ళు అరిగిపోతున్నాయి. ఎంతదాకా చూశారు?"

"ఇరవై తొమ్మిది దాకా. ఇంకా పదివేల దాకా చూడాలి" అన్నాను చెమట తుడుచుకుంటూ.

"పదివేలు దేనికండీ, నూరు దాకా చూస్తే చాలు. బంతులు నూరు దాటాయనుకోండి, బంతిలో మనుషులు నూరు లోపే ఉంటారు. ఆ చిన్న సంఖ్యని మీరు ముందే చూసేసుంటారుగా" అని, నా చేతిలో సుద్ద లాక్కుని గోడ మీద గబగబా రాసింది. ముప్పై ఒకటి, ముప్పై ఏడు, నలభై ఒకటి... తొంభై ఏడు దాకా వెళ్ళి ఆగింది. మొహం వెలిగిపోయింది.

"ఇది ప్రధాన సంఖ్యండీ! ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ పోదు. అయిదంకెల్లో మొట్టమొదటి ప్రధాన సంఖ్య ఇదే. మన మనవరాలు తెచ్చింది!"

"అంటే బంతి?"

"బంతి లేదు."

పైనున్న గొట్టంలోంచి వడ్డనమ్మ కూడా అదే మాట మర్యాదగా చెప్పింది. "సమబంతి దొరకలేదు. అందరికీ గంజి గొట్టాలు పంపిస్తున్నాను. ఇళ్ళలో తీసుకోండి." ఏడుతో పోతుందని నేనన్న మాట ఎవరో జగదాంబకి మోసేశారు. ఆవిడ గోడ పట్టుకుని ఎంతసేపు నవ్విందో ఇక్కడ రాయను.

రోజు 22,963. తలలు 10,007.

మూడు రోజులుగా గంజి గొట్టాలే. తడి అట్టముక్కని నమిలినట్టుంది. నలభై ఏళ్ళలో తొలి బంతిలో నా ఆకు ఎప్పుడూ తప్పలేదు. ఇప్పుడు ఇంట్లో మంచం మీద కూర్చుని గొట్టం పీల్చుకుంటున్నాను. సిగ్గుగా ఉంది.

నావలో అందరికన్నా పెద్దాయన పేర్రాజు గారు. నూట నాలుగేళ్ళు. నిన్నటి నుంచి ఆయనింటి ముందు జనం బారులు తీరారు. "తాతగారూ, ఒంట్లో ఎలా ఉంది? ఆయాసం గానీ వస్తోందా?" అని ఒకటే పరామర్శ. ఆయనకి సంగతి తెలిసి చేతికర్ర పుచ్చుకుని వీధిలోకొచ్చాడు.

"ఒరేయ్ గవర్రాజూ! నేను పోతే మీకు బంతి కుదురుతుందట్రా?"

పక్కనే ఉన్న జగదాంబ అడ్డం పడింది. "లేదు తాతగారూ, మీరు పోయినా లాభం లేదు. పదివేల ఆరవుతుంది. మళ్ళీ ఇద్దరేసే కూర్చోవాలి."

"విన్నార్రా వెధవల్లారా? నేను పోయినా లాభం లేదంట!" అని ఆయన గుంపు మీదికి కర్ర ఊపాడు. ఇంత సంతోషంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. సాయంత్రం నుంచే దండీలు తీయడం కూడా మొదలెట్టాడు.

రోజు 22,968. తలలు 10,007.

దారి దొరికింది. ఈ ఏటికి నావలో ఇంక ఒక్క కాన్పు అనుమతే మిగిలింది, అది పద్నాలుగో వీధి భ్రమరాంబది. వారంలో నొప్పులొస్తాయట. అప్పుడు 10,008 అవుతాం. ఈసారి నోరు మూసుకుని ముందు జగదాంబని అడిగాను. బంతికి 139 మంది చొప్పున 72 బంతులు, ముచ్చటైన సంఖ్య అంది. భోజనశాలలో సుద్దగీతలు గీసి సిద్ధంగా పెట్టాను.

మంగతాయి కూడా కుదుటపడింది. పాపకి ఇరవై ఒకటో రోజున బారసాల. పళ్ళెంలో బియ్యం పోసి పేరు రాయాలి, ఊరంతా బంతిలో కూర్చుని బూరెలు తినాలి. అప్పుడే ఆ పేరు నావ జాబితాలోకి ఎక్కుతుంది. గంజి గొట్టాలతో బారసాలంటే దానికి ఏడుపొచ్చేసింది పాపం. "భయం లేదమ్మా, నేనున్నాగా" అన్నాను.

జనం భ్రమరాంబని నేల మీద నడవనివ్వడం లేదు. డాక్టరు గారు మాత్రం ఎవరేమడిగినా పైకి చూసి దండం పెడుతున్నాడు.

రోజు 22,974. తలలు 10,009.

కవలలు.

ఇద్దరూ పుష్టిగా ఉన్నారు, భగవంతుడు చల్లగా చూడాలి. కానీ ఇద్దరు!

డాక్టరు గారి చొక్కా పట్టుకున్నాను. "మీకు తెలీదా?"

"తెలుసండి. ఆరు నెలల్నుంచీ తెలుసు. కడుపులో ఇద్దరున్నారని పైకి చెబితే దిష్టి తగులుతుందని చెప్పలేదండి. మా అమ్మ కూడా చెప్పద్దంది."

నక్షత్రాల మధ్య తిరిగే నావలో, ఒంట్లో ఎముకలు లెక్కపెట్టే అద్దాలు పెట్టుకుని, దిష్టి! తిట్టబోయి ఊరుకున్నాను. మా ఇంట్లోనూ మంగతాయికి ఎన్నో నెలో అడిగినవాళ్ళకి జగదాంబ ఒక నెల తగ్గించే చెప్పింది.

ఆ జగదాంబే ఇప్పుడు గోడ ముందు కూర్చుని కళ్ళనీళ్ళు తుడుచుకుంటోంది. ఏడుస్తోందనుకున్నాను, కాదు, నవ్వు. "ఇదీ ప్రధాన సంఖ్యేనండీ! పదివేల ఏడు, పదివేల తొమ్మిది. మధ్యలో ఒక్క సంఖ్యే అడ్డం. ఇలాంటి జోడీని మా లెక్కల పుస్తకాల్లో ఏమంటారో తెలుసా? కవలలనే అంటారు!"

నాకు నవ్వు రాలేదు. సుద్దగీతలన్నీ నేనే తుడవాలి.

రోజు 22,976. తలలు 10,009.

నావ సంఘం సమావేశమైంది. సంఘం పెద్ద దొరబాబు గంజితో సగమైపోయాడు. ఆయన ఆలోచన ఇదీ. ఒక్క తల తగ్గితే 10,008. పేరు పెట్టని పిల్లలు ముగ్గురున్నారు. కవలల్లో ఒకర్ని తీయడానికి తల్లి ఒప్పుకోదు, ఇద్దర్నీ తీస్తే మళ్ళీ 10,007కే వస్తాం. కాబట్టి విడిగా పుట్టిన ఒక్క పిల్లని మనుషుల జాబితాలో ఎక్కించకుండా సామాను జాబితాలో రాద్దాం. సామాను ఒకటి, బరువు మూడు కిలోల చిల్లర.

"కాగితం మీదేనండి గవర్రాజు గారండీ. పిల్ల పిల్లలాగే ఉంటదండి" అన్నాడు దొరబాబు.

మంగతాయి పసిదాన్ని భుజానేసుకుని లేచింది. "సామానుకి ఊపిరి వంతు ఇస్తారా? మందిస్తారా? బళ్ళో చేర్చుకుంటారా? ఒకసారి సామానని రాస్తే నావ దిగేదాకా మార్చకూడదని మీ నియమమేగా! దిగేది ఇంకా నలభై ఒక్క ఏళ్ళకి. అప్పటిదాకా నా కూతుర్ని అటక మీద పెట్టమంటారా?"

అందరికీ ఆకలి. చేతులెత్తమంటే చేతులు లేచాయి, బోలెడు. నియమాల మనిషినని నలభై ఏళ్ళుగా విర్రవీగిన నేను ఎత్తలేదు, కానీ వద్దని నోరు తెరిచి అనలేదు కూడా. అది మంగతాయి చూసింది.

బారసాల దాకా గడువిచ్చారు. ఈలోగా దారి దొరక్కపోతే ఆ ఉదయమే రాసేస్తారు. ఇంటికొచ్చాక మంగతాయి నాతో మాట్లాడలేదు. "మిగిలిపోయిన పిల్లట నువ్వు, తాతయ్య కూడా అలాగే అనుకుంటున్నాడు" అని నాకు వినబడేలా పసిదానితో చెప్పింది.

రోజు 22,978. తలలు 10,009.

పొద్దున్నే జగదాంబని అడిగాను. "ఆ సంఖ్యని ఎలాగైనా విరవలేమా?"

"విరగదండీ. పది మంది కాదు, పదివేల మంది కూర్చుని ఏడ్చినా ప్రధాన సంఖ్య విరగదు. ఒకటి కలపాలి, లేకపోతే ఒకటి తీయాలి."

తీయాలంటే నన్ను తీయండి అనుకున్నాను. భోజనశాలకి వెళ్ళి తలెత్తి వడ్డనమ్మతో చెప్పాను. "నేను బంతిలో కూర్చోను. నిలబడి నెయ్యి వడ్డిస్తాను. మిగతా వాళ్ళు 10,008. ఇంక వండు తల్లీ."

నేను భోజనం వదులుకోవడమంటే మాటలు కాదు.

"నిలబడినవారు తరవాతి బంతిలో తినాలి గవర్రాజు గారూ. బంతికి కనీసం ఇద్దరుండాలి. మీ పక్కన ఎవరు కూర్చుంటారు?"

"ఎవరూ వద్దు. నేను తినను."

"తినకుండా ఎవరూ ఉండకూడదు. అదీ నియమమే. అందరికీ వడ్డించి మీరెప్పుడు తింటారు? ఎవరితో తింటారు?"

ఒళ్ళు మండిపోయింది. పద్దెనిమిది రోజుల గంజి, మాట్లాడని కూతురు, అటకెక్కబోతున్న మనవరాలు, అన్నీ కలిసి నోట్లోంచి వచ్చేశాయి. "నన్నడుగుతావేంటి? అరవై రెండేళ్ళ నుంచి అందరికీ వడ్డిస్తున్నావుగా! నువ్వెప్పుడు తింటావు? నువ్వెవరితో తింటావు?"

పైనుంచి గరిట కొద్దిగా కిందికి దిగింది.

"నన్ను ఎవరూ అడగలేదు" అంది వడ్డనమ్మ.

"అంటే నువ్వు తినగలవా?"

"రుచి చూసే సూది ఒకటి నాకు మొదట్లోనే బిగించారు. వాడలేదు. వడ్డించేవారు బంతి లేవకముందు రుచి చూడకూడదని ఆచారం. బంతి లేచాక ఇక నువ్వు తినమ్మా అని ఎవరో ఒకరు అంటారని కూడా రాసి ఉంది. ఎదురుచూశాను."

మా ఇంట్లో పెళ్ళయితే వంటవాళ్ళని కూర్చోబెట్టి వడ్డించకుండా మేము చెయ్యి కడగం. ఈ మహాతల్లికి అరవై రెండేళ్ళలో ఒక్కళ్ళం ఒక్క పూట ఆకు వెయ్యలేదు.

"మరి ఉప్పు సరిపోయిందని రోజూ ఎలా చెప్పావే?"

"కొలత ప్రకారం సరిపోయింది గవర్రాజు గారూ. రుచి సంగతి నాకు తెలియదు."

ఇంటికి పరిగెత్తాను. "జగదాంబా! పదివేల తొమ్మిదికి ఒకటి కలిపితే?"

ఆవిడ సుద్ద కూడా పట్టుకోలేదు. "పదివేల పది. బంగారం లాంటి సంఖ్యండీ. రెండుతో పోతుంది, అయిదుతో పోతుంది, ఏడుతో పోతుంది, పదకొండుతో, పదమూడుతో... ఆ ఒకటి ఎక్కణ్ణుంచి తెస్తారు?"

చెప్పాను. ఆవిడ నా వైపు ఒక రకంగా చూసింది. పెళ్ళయిన కొత్తలో చూసేది అలా. "మీకు బుర్ర ఉందండీ" అంది.

రోజు 22,980. తలలు 10,010.

ఆకుల జాబితాలో పేరు రాయడం బంతుల పెద్ద చేతిలో ఉన్న ఒకే ఒక్క అధికారం. ఈ ఉదయం దొరబాబు సామాను పుస్తకం చంకన పెట్టుకుని వచ్చేసరికి నేను రాసేసి కూర్చున్నాను. పదివేల ఎనిమిదీ తొమ్మిదీ భ్రమరాంబ కవలలు. పదివేల పది, వడ్డనమ్మ.

"యంత్రానికి ఆకేంటండీ? సంఘాన్ని అడగొద్దా?" అన్నాడు దొరబాబు.

సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి బూరెలు వేగుతున్న వాసనొచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని ఆ వాసన పీల్చాడు. తరవాత సామాను పుస్తకం మీదే చతికిలబడి, "నా ఆకు ఎక్కడండీ?" అన్నాడు.

బంతికి 110 మంది. 91 బంతులు. ఒక్కరూ నిలబడలేదు. నేను గీసిన గీతల్లో ఇంత అందమైనవి లేవు.

బియ్యం పోసిన పళ్ళెం ముందు పెట్టి పేరేమిటని అడిగితే, మంగతాయి అందరికీ వినబడేలా చెప్పింది. "శేషారత్నం. మిగిలిపోయిందన్నారుగా! ఆ పేరే పెడతాను. పిలిచినప్పుడల్లా మీకు గుర్తుండాలి." చేతులెత్తిన వాళ్ళు ఆకుల్లోకి చూసుకున్నారు. నేను పదివేల ఏడో నంబరు ఎదురుగా ఆ పేరు రాశాను. అక్షరాలు కొంచెం వంకరపోయాయి, క్షమించాలి.

ఆఖరి బంతిలో ఆఖరి ఆకు వడ్డనమ్మది. ఆ పక్కది నాది. నలభై ఏళ్ళలో మొదటిసారి తొలి బంతి వదిలేసి వెనక్కొచ్చి కూర్చున్నాను. వడ్డన అంతా అయ్యాక గరిట పైకి వెళ్ళిపోబోయింది. నేను లేచి నిలబడ్డాను.

"అందరికీ అయింది. ఇక నువ్వు తినమ్మా" అన్నాను.

పైనుంచి సన్నటి సూది ఒకటి దిగింది. ఇన్నేళ్ళు వాడకపోవడంతో కీచుమంటూ దిగింది. ముందు పులిహోరలో గుచ్చింది, తరవాత బూరెలో, తరవాత పప్పులో. పప్పులో ఆగిపోయింది. పదివేల మంది ముద్ద నోటి దాకా తెచ్చుకుని చూస్తున్నారు.

"గవర్రాజు గారూ" అంది వడ్డనమ్మ.

"చెప్పు తల్లీ."

"పప్పులో ఉప్పు తక్కువైంది."

భోజనశాల కప్పు ఎగిరిపోయిందనుకున్నాను. పేర్రాజు గారు కర్ర పారేసి రెండు చేతులూ ఎత్తి, "నా తల్లే! ఈ మాట వినడానికే బతికున్నాన్రా!" అని బావురుమన్నాడు. గరిట మళ్ళీ దిగి, వరసలంట పరిగెత్తి, ఆకు ఆకుకీ చిటికెడు ఉప్పు వేసుకుంటూ పోయింది. ఒక్క పదివేల ఏడో ఆకు దగ్గర మాత్రం ఆగింది. పసిపిల్లకి ఉప్పు మంచిది కాదంది.

"ఆ ఆకు తినేది నేనమ్మా, వెయ్యి!" అని మంగతాయి అరిచింది. తరవాత నా వైపు తిరిగింది. "కూర్చో నాన్నా, చల్లారిపోతోంది" అంది.

కూర్చున్నాను. మూడు సార్లు పప్పు వేయించుకున్నాను.